వ్యాయామ శాస్త్రం చదివాం... ఆసుపత్రిలో మా చోటెక్కడ?

బీపీఎడ్, బీపీఈఎస్, బీఎస్సీ స్పోర్ట్స్ సైన్స్, ఎంఎస్సీ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ... పేర్లు వేరైనా ఈ చదువులు చదివినవాళ్లూ వాళ్ల తల్లిదండ్రులూ విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి రాస్తున్న ఉత్తరాల్లో అడిగేది ఒకటే: దీని మీద వైద్యరంగంలోకి ఎలా వెళ్లాలి? కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. అన్నిటికీ కలిపి ముందుగా ఒక మాట. కోర్సు పేరు చూసి ఎంచుకోకండి. రోగి దగ్గర రోజూ ఏ పని చేయాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. ఆ పని చేయాలంటే ఏ రిజిస్టరులో మీ పేరు ఉండాలో చూడండి. అక్కడికి తీసుకెళ్లే కోర్సును చివర్లో వెతకండి. ఈ వరస తిరగబడిన చోటే పిల్లల ఏళ్లూ పెద్దల లక్షలూ పోతున్నాయి.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ చదివి, నీట్‌లో ర్యాంకు రాక బీఎస్సీ స్పోర్ట్స్ సైన్స్‌లో చేరాను. ఇప్పుడు చివరి సెమిస్టర్. ఫిజియోథెరపిస్టు కావాలని ఉంది. డిగ్రీలో అనాటమీ, కైనిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) చదివాను కదా, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) రెండో ఏడాదిలోకి తీసుకుంటారా? లేకపోతే ఈ డిగ్రీ మీద ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) చేయొచ్చా?
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: రెండూ కుదరవమ్మా. ఎంపీటీలో చేరాలంటే బీపీటీ పాసై ఉండాలి. బీపీటీలో చేరడానికి మీ డిగ్రీ లెక్కలోకి రాదు, ఇంటర్ బైపీసీయే లెక్క. అంటే మొదటి ఏడాది మొదటి క్లాసు నుంచి మొదలుపెట్టాల్సిందే. చదివిన మూడేళ్లకు మినహాయింపు దొరకదు. ఎవరైనా డబ్బు కట్టించుకుని ‘రెండో ఏడాదిలో కూర్చోబెడతాం’ అంటే ఆ గడప దిగి వచ్చేయండి.

కాలం లెక్క కూడా మారింది. మన దగ్గర బీపీటీ నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా నడిచింది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిషన్ 2025లో కొత్త పాఠ్యప్రణాళిక విడుదల చేసింది. అందులో బీపీటీ, ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి, అయిదేళ్లు. ప్రవేశాలకు నీట్‌ను ముడిపెట్టడం కూడా ఆ మార్పుల్లోదే. కాబట్టి ఈసారి నీట్ దరఖాస్తు గడువు దాటనివ్వకండి. ర్యాంకు మాట తర్వాత, ముందు స్కోరు కార్డంటూ చేతిలో ఉండాలి. ఆ పైన విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ ఏడాది ఇచ్చే ప్రవేశ ప్రకటనలో అర్హతల పేరా మొత్తం చదవండి. పాత ఏడాది ప్రాస్పెక్టస్ పట్టుకుని ఎవరో చెప్పిన మాట నమ్మితే గడువు దాటాక తెలుస్తుంది.

మీ స్నేహితుల్లో ఇంటర్ సీఈసీయో ఎంపీసీయో చదివి ఇదే డిగ్రీలోకి వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు చిక్కు మరో మెట్టు ఎక్కువ. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా జీవశాస్త్రాన్ని అదనంగా రాసే వీలుంది. అయితే అలా రాసిన సబ్జెక్టును బీపీటీ ప్రవేశానికి ఒప్పుకుంటారా లేదా అన్నది ప్రకటనలోనే చూసుకుని, ఆ తర్వాతే పరీక్ష ఫీజు కట్టాలి.

ఇక అసలు నిర్ణయం. ఇరవై ఒకటో ఏట మొదలుపెడితే ఇరవై ఆరో ఏట చేతికి వస్తారు. అది పెద్ద నష్టమేమీ కాదు, పని నచ్చితే. నచ్చుతుందో లేదో ముందే చూసుకోండి. ఫిజియోథెరపీ అంటే క్రికెటర్ మోకాలికి పట్టీ వేయడం అనుకుని చేరేవాళ్లే ఎక్కువ. ఆసుపత్రిలో రోజంతా కనిపించేది పక్షవాతం వచ్చిన అరవై ఏళ్లాయనను మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడం, ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న మనిషి ఊపిరితిత్తుల్లోంచి కఫం తీయించడం, మోకీలు మార్పిడి అయిన మర్నాడు నొప్పితో ఏడుస్తున్న అమ్మమ్మగారిని వాకర్‌తో నాలుగడుగులు వేయించడం. గుంటూరు జీజీహెచ్‌లో గానీ మీకు దగ్గర్లోని పెద్ద ఆసుపత్రిలో గానీ విభాగాధిపతికి దరఖాస్తు ఇచ్చి, అనుమతి దొరికితే ఓ పది రోజులు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆ విభాగంలో నిలబడండి. ఔట్‌పేషెంట్ గది ఒక్కటే కాదు, వార్డులూ చూడండి. పదకొండో రోజు కూడా వెళ్లాలనిపిస్తే అయిదేళ్లు ధైర్యంగా పెట్టొచ్చు.

రోగిని పట్టుకుని చేసే పని కాదు, శరీరం శ్రమకు ఎలా స్పందిస్తుందో కొలిచే పని ఇష్టమని తేలితే బీపీటీ వద్దు. మీ డిగ్రీ మీదే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో పీజీకి వెళ్లండి. చెన్నైలోని తమిళనాడు ఫిజికల్ ఎడ్యుకేషన్, స్పోర్ట్స్ యూనివర్సిటీ, మణిపాల్ వంటి చోట్ల ఇలాంటి కోర్సులున్నాయి. ఆ చదువు ఆసుపత్రిలో ఎక్కడ అక్కరకొస్తుందో కింది జవాబులో ఉంది.

ప్రశ్న: ఎంఎస్సీ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ పూర్తయింది. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి కార్డియాలజీ విభాగంలో టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష) గదిలో చేరమన్నారు. యూనివర్సిటీ ల్యాబులో ఆటగాళ్లను పరిగెత్తించాను గానీ రోగులను ఎప్పుడూ చూడలేదు. ఏం నేర్చుకుని వెళ్లాలి? ఇందులో భవిష్యత్తు ఉందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చేరండి. మీ చదువుకు ఆసుపత్రిలో ఇంతకన్నా దగ్గరి గది లేదు. అయితే ల్యాబులో ఆటగాడు ఆగిపోతే పరీక్ష ముగుస్తుంది, ఇక్కడ మనిషి కూలిపోయే ముందే మీరు ఆపాలి. తేడా అంతా అందులోనే ఉంది.

మొదట ఎలక్ట్రోడ్లు, అంటే ఈసీజీ కోసం ఒంటికి అంటించేవి. పదింటిలో ఆరు ఛాతీ మీదివి. వీ1 రొమ్ము ఎముకకు కుడి అంచున నాలుగో పక్కటెముకల సందులో, వీ2 అదే ఎత్తులో ఎడమ అంచున. వీ4 అయిదో సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి కిందికి గీసిన గీత మీద. వీ2కూ వీ4కూ నడుమ వీ3. వీ5, వీ6 రెండూ వీ4 ఎత్తులోనే, ఒకటి చంక ముందు గీత మీద, రెండోది చంక మధ్య గీత మీద. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు వీ1, వీ2లను రెండో మూడో సందులో పెట్టేయడం. దానివల్ల గుండె ముందు గోడ ఎప్పుడో దెబ్బతిన్నట్టు ఈసీజీలో లేని జబ్బు కనిపిస్తుంది. కంటి అంచనాతో పెట్టకండి. రొమ్ము ఎముక పై భాగంలో చేతికి తగిలే గట్టు పక్కన ఉండేది రెండో పక్కటెముక. దాని కింద రెండో సందు. అక్కణ్నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ దిగండి.

చేతులకు, కాళ్లకు పెట్టాల్సిన నాలుగింటినీ ట్రెడ్‌మిల్ పరీక్షలో మొండెం మీదికి తెస్తారు. చేతులవి కాలర్ ఎముకల కింది గుంటల్లో, కాళ్లవి పక్కటెముకల అంచుకూ తుంటి ఎముకకూ మధ్య. ఇలా తీసిన ఈసీజీ, పడుకోబెట్టి మామూలుగా తీసినదానిలా ఉండదు. కాబట్టి కాగితం మీద ఆ సంగతి రాసి ఉంచాలి, పాతదానితో పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. వెంట్రుకలుంటే షేవ్ చేసి, స్పిరిట్‌తో తుడిచి, గాజుగుడ్డతో చర్మాన్ని కాస్త గరుకుగా రుద్దాకే అంటించండి. బెజవాడ ఎండల్లో చెమటకు జెల్ జారుతుంది. మూడో దశకు వచ్చేసరికి గీత అలల్లా ఊగి ఏదీ చదవలేరు. రుద్దే ఆ నిమిషాన్ని మిగుల్చుకోబోయి పరీక్ష మొత్తం మళ్లీ చేయాల్సి వస్తుంది.

మన దగ్గర మామూలుగా నడిచేది బ్రూస్ పద్ధతి. మూడేసి నిమిషాల దశలు. మొదటిది గంటకు 2.7 కిలోమీటర్లు, వాలు 10 శాతం. రెండోది 4 కిలోమీటర్లు, 12 శాతం. మూడోది దాదాపు 5.5 కిలోమీటర్లు, 14 శాతం. ప్రతి దశ చివరి నిమిషంలో బీపీ చూడాలి. నడుస్తున్న మనిషికి బీపీ చూడటం నేర్చుకోవడానికే కొన్ని వారాలు పడుతుంది. మెషీన్ చదివిన అంకెను నమ్మకుండా స్టెతస్కోప్‌తో వినడం అలవాటు చేసుకోండి. రోగి కమ్మీని గట్టిగా పట్టుకుని వేలాడితే శ్రమ తగ్గిపోతుంది, సామర్థ్యం మాత్రం కాగితం మీద ఎక్కువగా పడుతుంది. రెండు వేళ్లు ఆనించనివ్వండి, చాలు.

ఎవరికి చేయకూడదో కంఠతా రావాలి. గుండెపోటు వచ్చి రెండు రోజులైనా కానివాళ్లు, విశ్రాంతిలోనూ ఛాతీ నొప్పి వస్తున్నవాళ్లు, గుండె వైఫల్యం అదుపులో లేనివాళ్లు, బృహద్ధమని కవాటం బాగా మూసుకుపోయి కళ్లు తిరుగుతున్నవాళ్లు, గుండె కండరం వాచినవాళ్లు. విశ్రాంతి బీపీ 200 మీద 110 దాటితే కార్డియాలజిస్టును అడక్కుండా మొదలుపెట్టొద్దు. ఎప్పుడు ఆపాలో కూడా అంతే. శ్రమ పెరుగుతుంటే పై బీపీ పెరగాలి. అది 10కి మించి పడిపోతూ ఈసీజీలోనూ మార్పు కనిపిస్తే వెంటనే ఆపాలి. పాత గుండెపోటు గుర్తులు లేని లీడ్లలో ఎస్టీ గీత ఒక మిల్లీమీటరు పైకి లేచినా, గుండె లయ తప్పి అలాగే కొనసాగినా, ఛాతీ నొప్పి ఓ మాదిరి దాటినా, నడక తూలినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా అంతే. రోగి ‘ఆపండి బాబూ’ అంటే మారుమాట లేకుండా ఆపాలి. 220 లోంచి వయసు తీసేసి అందులో 85 శాతం వచ్చేదాకా పరిగెత్తించడమే పరీక్ష అనుకునేవాళ్లున్నారు. అరవై ఏళ్ల మనిషికి ఆ అంకె 136. అది చేరిందని ఆపనక్కర్లేదు, చేరలేదని బలవంతపెట్టకూడదు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వేసుకున్నవాళ్లు ఆ అంకెను చేరనే చేరకపోవచ్చు. ఆ మాత్ర ఆపి రావాలా, వేసుకుని రావాలా అన్నది డాక్టర్ ముందే చెప్పాలి, అపాయింట్‌మెంట్ చీటీ మీద రాసి ఉండాలి.

ట్రెడ్‌మిల్ ఆగాక కనీసం ఆరు నిమిషాలు, ఈసీజీ మామూలుకు వచ్చేదాకా, అక్కడే ఉండండి. ప్రమాదకరమైన మార్పులు కొందరిలో ఆ విశ్రాంతి నిమిషాల్లోనే బయటపడతాయి. తర్వాతి రోగిని పిలవడానికి బయటికి వెళ్లడం ఈ గదిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. రోజూ ఉదయం డీఫిబ్రిలేటర్ చార్జింగ్, ఆక్సిజన్ సిలిండర్ ముల్లు, అత్యవసర మందుల గడువు తేదీలు చూసి పుస్తకంలో సంతకం పెట్టండి. పిలిస్తే వచ్చే దూరంలో డాక్టర్ లేకపోతే పరీక్ష మొదలుపెట్టనని మొదటి రోజే చెప్పండి. ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు అది కష్టమైన మాటే, అయినా చెప్పాలి.

భవిష్యత్తు మాట. 2021 చట్టం జాబితాలో గుండె, రక్తనాళాల టెక్నాలజిస్టులు ఉన్నారు, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు అనే పేరు లేదు. అంటే ఆసుపత్రి మిమ్మల్ని తీసుకున్నా, రేపు రిజిస్ట్రేషన్ అడిగే చోట బీఎస్సీ కార్డియాక్ టెక్నాలజీ చదివినవాళ్ల తర్వాతే మీరు. కాబట్టి ఈ గదిలోనే ఉండిపోకండి. అక్కడ పనిచేస్తూనే కార్డియాక్ రీహాబ్ వైపు జరగండి. స్టెంట్, బైపాస్ అయిన రోగులకు వారానికి మూడు రోజుల చొప్పున పన్నెండు వారాలు పర్యవేక్షణలో వ్యాయామం చేయించడం చాలా దేశాల్లో మామూలు. మన ఊళ్లలో ఆపరేషన్ బాగా చేస్తారు, తర్వాత ‘రోజూ నడవండి’ అని పంపేస్తారు. ఎంత వేగంతో, ఎన్ని నిమిషాలు, ఏ లక్షణం కనిపిస్తే ఆగాలో చెప్పేవాళ్లు ఉండరు. మీరు చదివింది సరిగ్గా ఆ లోటు కోసమే. కార్డియాలజిస్టు, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ ఉన్న జట్టులో ఆ కార్యక్రమం మొదలుపెట్టించగలిగితే మీ విలువ టీఎంటీ గది జీతంతో కొలిచేది కాదు.

ప్రశ్న: బీపీఎడ్ చేసి ఎనిమిదేళ్లుగా జిమ్‌లో ట్రైనర్‌గా ఉన్నాను. మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి, షుగర్ ఉన్నవాళ్లు చాలామంది అడుగుతున్నారు. పటమటలో సొంతంగా ‘ఫిజియో అండ్ రీహాబ్ సెంటర్’ పెట్టాలనుకుంటున్నాను. సర్టిఫికెట్ కోర్సు ఏదైనా చేస్తే సరిపోతుందా?
— ఒక ట్రైనర్, విజయవాడ

జవాబు: సరిపోదు. ‘ఫిజియో’ అని బోర్డు మీద రాయడానికి బీపీటీ, రిజిస్ట్రేషన్ కావాలి. ఫిజియోథెరపీ కేంద్రాన్ని ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో నమోదు చేయించాలి కూడా. ఆరు వారాల సర్టిఫికెట్‌తో కరెంటు యంత్రాలు కొని పెట్టుకుంటే చట్టం సంగతి అలా ఉంచండి, రోగికి హాని జరుగుతుంది. నడుము నొప్పి అంటూ వచ్చినవాళ్లలో మూత్రం పట్టు తప్పినవాళ్లు, కూర్చునే చోట స్పర్శ పోయినవాళ్లు, కాలు బలం తగ్గుతున్నవాళ్లు, జ్వరమో కారణం తెలియని బరువు తగ్గడమో ఉన్నవాళ్లు, ఒకప్పుడు కేన్సర్ వచ్చినవాళ్లు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వాళ్లను ప్లాంక్ చేయించి పంపితే తిరిగిరాని నష్టం జరగొచ్చు.

మీరు చేయగలిగింది వేరే ఉంది, దానికి గిరాకీ కూడా ఎక్కువే. జబ్బు నిర్ధారణ అయి, మందుల మీద నిలకడగా ఉన్నవాళ్లకు డాక్టర్ రాతపూర్వక అనుమతితో వ్యాయామం నేర్పడం. బోర్డు మీద ‘వ్యాయామ శిక్షణ’ అనే రాయండి. ఒక ఫిజియోథెరపిస్టుతో ఒప్పందం కుదుర్చుకుని, వారానికి రెండు రోజులు వచ్చి నొప్పులున్నవాళ్లను పరీక్షించే ఏర్పాటు చేయండి. చేరే ప్రతి ఒక్కరి చేతా ఆరోగ్య ప్రశ్నావళి నింపించండి. వాడే మందుల పేర్లు చీటీ చూసి మీరే రాసుకోండి. అడిగితే చాలామంది ‘షుగర్ బిళ్ల’ అని ఊరుకుంటారు, మీకు కావాల్సింది ఏ బిళ్ల అన్నదే.

ఎందుకంటే ఇన్సులిన్ వాడేవాళ్లకు, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లకు వ్యాయామంలో షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఆ భయం తక్కువ. మొదటి రకం వాళ్లకు మొదలుపెట్టే ముందు గ్లూకోమీటర్‌తో చూడండి. 90 కన్నా తక్కువుంటే ముందు 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం ఇవ్వాలి. ఒక అరటిపండులో దాదాపు అంత ఉంటుంది. 70 కన్నా తక్కువైతే ఆ రోజు వ్యాయామం లేదు. మూడు నాలుగు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. 250 దాటి, ఒంట్లో బాగాలేదంటే కీటోన్ల పరీక్ష అయ్యేదాకా ఆపండి. తొడకు ఇన్సులిన్ పొడుచుకుని వెంటనే సైకిల్ తొక్కితే మందు త్వరగా ఎక్కుతుంది, కాబట్టి పొట్ట మీద తీసుకోమనండి. సాయంత్రం బాగా శ్రమపడినవాళ్లకు అర్ధరాత్రి షుగర్ పడొచ్చు. ఆ మాట ఇంట్లోవాళ్లకు కూడా చెప్పాలి. పాదాల స్పర్శ తగ్గినవాళ్లను చెప్పుల్లేకుండా చేయనివ్వొద్దు, రోజూ అరికాళ్లు చూసుకోమనండి. కంటి వెనక రక్తస్రావం ముప్పు ఉందని కంటి డాక్టర్ చెప్పినవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తనే కూడదు.

బీపీకి బీటా బ్లాకర్ వాడేవాళ్ల విషయంలో చేతి వాచీ చూపే గుండె వేగం పనికిరాదు. ఆయాసాన్ని 6 నుంచి 20 దాకా కొలిచే బోర్గ్ కొలతలో 11 నుంచి 13 మధ్య, అంటే మాట్లాడగలిగే స్థాయిలో ఉంచండి. బరువులైతే తేలికవి, 10 నుంచి 15 సార్లు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలడం. బైపాస్ అయినవాళ్లకు ఛాతీ ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సర్జన్ రాసిచ్చేదాకా చేతులతో బరువులు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లను ఉదయం ఏడు లోపే ముగించి పంపండి.

పోషకాహారం మాటకొస్తే, ప్రొటీన్ పొడి డబ్బా మీరు అమ్మకండి. షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీ దెబ్బతింటున్న సంగతి చాలాకాలం బయటికి తెలియదు. క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడకుండా ప్రొటీన్ పెంచమనడం మీ పని కాదు.

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్ల బీఎస్సీ స్పోర్ట్స్ సైన్స్ పూర్తి చేసింది. అమెరికాలో ఎంఎస్ కైనిసియాలజీ చేస్తే అక్కడ ఫిజికల్ థెరపిస్టుగా స్థిరపడొచ్చని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. పొలం మీద అప్పు తీసుకోవాలి. పంపమంటారా?
— ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆ మాట నిజం కాదండీ. అప్పు పత్రాల మీద సంతకం పెట్టకముందే అడిగారు, మంచిదైంది. అమెరికాలో ఫిజికల్ థెరపిస్టు కావాలంటే డీపీటీ అనే మూడేళ్ల డాక్టరేట్, అదీ గుర్తింపు ఉన్న కార్యక్రమంలో చదవాలి. ఆ తర్వాత లైసెన్సు పరీక్ష. ఎంఎస్ కైనిసియాలజీ ఆ పరీక్షకు అర్హత ఇవ్వదు. డీపీటీలో చేరాలన్నా ల్యాబుతో కూడిన అనాటమీ, ఫిజియాలజీ, రెండు సెమిస్టర్ల కెమిస్ట్రీ, రెండు సెమిస్టర్ల ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, సైకాలజీ వంటివి అడుగుతారు. స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీల్లో కెమిస్ట్రీ, ఫిజిక్స్ అంతగా ఉండవు. మూడేళ్ల డిగ్రీని అక్కడి నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూస్తారో లేదో విశ్వవిద్యాలయాన్ని బట్టి ఉంటుంది. అమ్మాయి మార్కుల పత్రాలు పంపి, ఆ విశ్వవిద్యాలయం నుంచే ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకోండి. కన్సల్టెన్సీ నోటిమాట వద్దు.

ఎంఎస్ చదివితే దొరికేది క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు పని, ఎక్కువగా కార్డియాక్ రీహాబ్ కేంద్రాల్లో. మంచి పనే. దానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చే సర్టిఫికెట్‌ను అడుగుతారు. దానికి పీజీ చేసినవాళ్లకు 600 గంటలు, డిగ్రీ ఉన్నవాళ్లకు 1200 గంటలు రోగులతో పనిచేసిన అనుభవం చూపించాలి. ఆ గంటలకు ఆసుపత్రిని వెతికిపెట్టేది విశ్వవిద్యాలయమా, విద్యార్థా అన్నది ముందే అడగాలి. విద్యార్థి మీదే వదిలేస్తే, విదేశం నుంచి వచ్చిన పిల్లకు ఆ తలుపులు తెరిపించడం చాలా కష్టం. ఈ వృత్తికి ప్రత్యేకంగా లైసెన్సు ఇచ్చే రాష్ట్రం అమెరికాలో లూసియానా ఒక్కటే. జీతం కూడా ఫిజికల్ థెరపిస్టుతో పోల్చదగ్గది కాదు. చదువయ్యాక పనిచేసుకునే ఓపీటీ గడువు 12 నెలలు. ఇంకో 24 నెలలు పెరగాలంటే కోర్సు సైన్స్, టెక్నాలజీ జాబితాలో ఉండాలి. విశ్వవిద్యాలయం వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రం మీద వేసే కోర్సు కోడ్ ఏమిటో అడిగి, అమెరికా ప్రభుత్వ జాబితాతో సరిచూసుకోండి. పొలం తాకట్టు పెట్టే నిర్ణయానికి ఈ ఒక్క కోడ్ చాలా ముఖ్యం.

ఫిజియోథెరపీయే లక్ష్యమైతే బ్రిటన్ దారి అమ్మాయికి దగ్గర. అక్కడ స్పోర్ట్స్ సైన్స్ వంటి డిగ్రీ ఉన్నవాళ్లకు రెండేళ్ల ప్రీ-రిజిస్ట్రేషన్ ఎంఎస్సీ ఫిజియోథెరపీ ఉంది. అందులో దాదాపు వెయ్యి గంటలు ఆసుపత్రుల్లో పనిచేయాలి, పాసయ్యాక ఆరోగ్య వృత్తులవాళ్లను నమోదు చేసే హెచ్‌సీపీసీ రిజిస్టరులో పేరు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ‘ప్రీ-రిజిస్ట్రేషన్’ అన్న మాట కోర్సు పేరులో ఉందో లేదో కళ్లారా చూసుకోండి. అది లేని ఎంఎస్సీ ఫిజియోథెరపీలు బీపీటీ చేసినవాళ్ల కోసం, అమ్మాయికి ఎందుకూ పనికిరావు. సీట్లు తక్కువ, మార్కులు బాగుండాలి, విదేశీ విద్యార్థులకు ఫీజు ఎక్కువ. ఆస్ట్రేలియాలో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టుకు ఎస్సా అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది, ఆ గుర్తింపు ఉన్న కోర్సులోనే చేరాలి. కెనడాలో కైనిసియాలజిస్టుకు చట్టబద్ధమైన రిజిస్టరు ఉన్న రాష్ట్రం ఒంటారియో ఒక్కటే.

ప్రశ్న: బీపీఈఎస్ చదివాను. ఆన్‌లైన్‌లో న్యూట్రిషన్ పీజీ చేసి డైటీషియన్ కావచ్చా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: వద్దమ్మా. 2021 చట్టం పరిధిలోకి వచ్చే ఆరోగ్య కోర్సులను, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ సహా, దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ నడపకూడదని యూజీసీ 2025లో ఆపేసింది. రెగ్యులర్ ఎంఎస్సీయే దారి. ఆ తర్వాత ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసి, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాస్తే ఉద్యోగాల్లో విలువ ఉంటుంది. ఎంఎస్సీకి డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివారన్నది చూస్తారు కాబట్టి కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ లేని బీపీఈఎస్‌తో అన్నిచోట్లా చేర్చుకోరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎంఎస్సీ ఉంది. మీ నేపథ్యానికి దగ్గరిది అదే, ముందు దాని అర్హతలు చూడండి. స్పోర్ట్స్ న్యూట్రిషనిస్టు పేరు చట్టం జాబితాలో ఉంది కూడా.

ప్రశ్న: వయసు 34. ఎంపీఎడ్ చేసి గుంటూరులో ప్రైవేటు స్కూల్లో పీఈటీగా ఉన్నాను. మళ్లీ అయిదేళ్లు చదివే ఓపిక, వీలు లేవు. ఆరోగ్యరంగంలో నాకు తగిన పని ఏదైనా ఉందా?
— ఒక పీఈటీ

జవాబు: ఉంది మాస్టారూ. ప్రజారోగ్యం చూడండి. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ రెండేళ్ల కోర్సు, చాలా సంస్థలు ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటాయి. హైదరాబాద్‌లోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. బీపీ, షుగర్ వంటి జబ్బుల కార్యక్రమాల్లో, స్కూలు ఆరోగ్య పథకాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పని దొరుకుతుంది. ప్రభుత్వ పథకాల్లో చాలా పోస్టులు కాంట్రాక్టువే, అది తెలిసే వెళ్లండి. అరవై మంది పిల్లలను మైదానంలో ఒక్క ఈలతో నిలబెట్టగల నేర్పు ఊళ్లో ఆరోగ్య శిబిరం నడపడానికి నేరుగా పనికొస్తుంది. స్టాటిస్టిక్స్ మాత్రం భయపెడుతుంది. చేరకముందే ఇంటర్ స్థాయి లెక్కలు ఓ మూడు నెలలు తిరగేయండి.

స్కూలు వదలకుండా చేయగలిగింది కూడా ఒకటుంది. పెద్దవాళ్లు పడిపోకుండా ఒంటి నిలకడ, కాళ్ల బలం పెంచే తరగతులు. బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో ఉదయం నడకకు వచ్చే పెద్దలతోనే మొదలుపెట్టొచ్చు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో మొదటి రోజు రాసుకోండి, పన్నెండు వారాలకు మళ్లీ చూడండి. వారంలో మూడు రోజులు, పట్టుకోవడానికి గోడో కమ్మీయో దగ్గర్లో ఉండాలి. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయనేవాళ్లను ముందు డాక్టర్ దగ్గరికి పంపండి.

ప్రశ్న: డిగ్రీ అయ్యాక నీట్ రాసి ఎంబీబీఎస్, ఆ పైన స్పోర్ట్స్ మెడిసిన్ చేయొచ్చా? వయసు అడ్డమా?
— ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు, ఎన్నిసార్లయినా రాయొచ్చు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉంటే చాలు, డిగ్రీ మార్కులు చూడరు. స్పోర్ట్స్ మెడిసిన్ పీజీ ఉంది గానీ సీట్లు చాలా కొద్ది. కాబట్టి డాక్టర్ కావాలని ఉంటేనే ఈ దారి పట్టండి, ఆటల డాక్టర్ మాత్రమే కావాలని ఉంటే వద్దు.

పైన చెప్పిన దారుల్లో ఆసుపత్రి వార్డుల్లోకి వెళ్లబోయే వాళ్లందరికీ ఒక పని ఇప్పుడే ఉంది. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. ఇంటర్న్‌షిప్ రెండు వారాల్లో మొదలవుతుందనగా అడిగితే ఆరు నెలల టీకాను ఎవరూ పూర్తి చేయించలేరు. విదేశాలకు దరఖాస్తు చేసేవాళ్లు టీకా వేసిన చోట తేదీలు, బ్యాచ్ నంబర్లతో కార్డు రాయించుకుని దాచుకోండి.